అథారిటీ రికార్డుల మార్పిడి: టైపింగ్ పనా, చేరదగ్గ ఉద్యోగమా?

ప్రశ్న: మా అమ్మాయి లైబ్రరీ సైన్స్‌లో పీజీ (ఎంఎల్ఐఎస్సీ) పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీ ఏడాది కాంట్రాక్టు మీద పని ఇస్తామంటోంది. ఒక యూనివర్సిటీ లైబ్రరీ కేటలాగులో పాత పద్ధతిలో ఉన్న అథారిటీ రికార్డులను ఆర్‌డీఏ అనే కొత్త పద్ధతికి మార్చాలట. మా బావమరిది ‘అది ఉత్త టైపింగ్ పని, ఇంట్లో కూర్చుని గురుకుల లైబ్రేరియన్ పోస్టుకు చదువుకోమను’ అంటున్నాడు. అమ్మాయేమో వెళ్తానంటోంది. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: మీ బావమరిది గారి మాట పూర్తిగా తీసిపారేసేది కాదు. ఈ పనిలో టైపింగ్ భాగమూ ఉంది, బుర్ర పెట్టాల్సిన భాగమూ ఉంది. అమ్మాయికి ఏది ఇస్తారన్న దాన్ని బట్టే నా జవాబు. అందుకే ముందు పని గురించి కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ఒకే మనిషికి ఆధార్‌లో ఒక పేరు, పట్టాదారు పాస్‌బుక్‌లో ఇంకో పేరు ఉంటే ఎన్ని తిప్పలో మీకు తెలిసిందే. రచయితల పేర్లతో లైబ్రరీలకూ అవే తిప్పలు. మన పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు ఒక పుస్తకం మీద పూర్తిగా ఉండొచ్చు, ఇంకో దాని మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండొచ్చు. ఇంగ్లిష్ అక్షరాల్లోకి వచ్చేసరికి ‘రెడ్డి’ ఒకచోట కలిసి, ఒకచోట విడిపోయి ఉండొచ్చు. కంప్యూటర్‌ దృష్టిలో వీళ్లంతా వేర్వేరు మనుషులు. అందుకని లైబ్రరీ ఆయన పేరున ఒక రికార్డు పెడుతుంది. లైబ్రరీ రికార్డులను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా నంబర్ల గళ్లలో (ఫీల్డుల్లో) రాసే మార్క్ ఫార్మాట్‌లో అయితే 100వ ఫీల్డులో మనం ఖాయం చేసుకున్న పేరు, 400లో మిగతా రూపాలు, 670లో ఆ సమాచారం ఎక్కడ దొరికిందో రాస్తారు. ఇదే అథారిటీ రికార్డు. పాఠకుడు ఏ స్పెల్లింగ్‌తో వెతికినా అన్ని పుస్తకాలూ ఒకచోటికి వచ్చేది దీని వల్లే.

ఈ పేర్లు ఎలా రాయాలో చెప్పే పాత నియమావళి ఏఏసీఆర్2, 1978లో వచ్చింది. దాని స్థానంలో 2010లో ఆర్‌డీఏ వచ్చింది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013 మార్చి 31 నుంచి పూర్తిగా దానికి మారింది. వాళ్లు మారిన తీరులోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది.

కొన్ని మార్పులు కంప్యూటర్ ప్రోగ్రామ్‌తోనే అయిపోయాయి. పుట్టిన సంవత్సరం ముందు పెట్టే ‘బి.’ తీసేసి సంవత్సరం పక్కన గీత పెట్టడం, ‘డెప్ట్.’ అన్న చోట డిపార్ట్‌మెంట్ అని పూర్తిగా రాయడం, బైబిల్ భాగాల పేర్ల మధ్య ఉండే ‘ఓ.టి.’, ‘ఎన్.టి.’ అక్షరాలు తొలగించడం లాంటివి. మూడున్నర లక్షలకు పైగా రికార్డులు 2013 మార్చిలో ఇలా మారిపోయాయి. అయితే అంతకు ముందే, 2012లో, నాలుగు లక్షలకు పైగా రికార్డుల్లో 667వ ఫీల్డులో ఒక నోటు చేర్చి పక్కన పెట్టారు. మనిషి చూసి సరిచేసే దాకా ఈ పేరును ఆర్‌డీఏ కింద వాడొద్దని దాని సారాంశం. అంటే అంత పెద్ద సంస్థ కూడా యంత్రానికి వదలలేని రికార్డులు లక్షల్లో తేలాయి.

ఏజెన్సీ మీ అమ్మాయిని మొదటి రకం పనికి కూర్చోబెడితే మీ బావమరిది చెప్పిందే నిజం. ప్రోగ్రామ్‌తో ఒక్క రాత్రిలో అయ్యే పనిని మనుషులతో రోజంతా కొట్టించే చోట నేర్చుకునేదేమీ ఉండదు. రెండో రకం అయితే మాత్రం తెలుగు అమ్మాయిగా ఆమెకు అక్కరకొచ్చేవి చాలా ఉన్నాయి.

మన పేర్లే చూడండి. ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. ఇది తెలియని కేటలాగర్ చివరి మాటను ఇంటిపేరు అనుకుని తలకిందులు చేస్తాడు. నల్లగొండ జిల్లాలో ఏ వీధిలో కేకేసినా ఒక వెంకట్ రెడ్డి పలుకుతాడు. పుస్తకాలు రాసినవాళ్లలోనూ అంతే. ఇలాంటి చోట ఆర్‌డీఏ పుట్టిన తేదీతో పాటు వృత్తిని కూడా పేరు పక్కన చేర్చి విడదీయనిస్తుంది. కానీ ఈ వెంకట్ రెడ్డి కవా, వ్యవసాయ శాస్త్రవేత్తా అని పుస్తకం ముందుమాట, వెనక అట్ట చదివి తేల్చాల్సింది తెలుగు వచ్చిన మనిషే.

సంస్థల పేర్లది ఇంకో పేచీ. తెలుగు విశ్వవిద్యాలయం 1985లో పెట్టారు. తర్వాత దానికి పొట్టి శ్రీరాములు పేరు చేరింది. 2025లో అసెంబ్లీ బిల్లుతో సురవరం ప్రతాపరెడ్డి పేరు వచ్చింది. తెలియనివాళ్లు పాత పేరు కొట్టేసి అన్ని పుస్తకాలకూ కొత్త పేరు పెట్టేస్తారు. అలా చేయకూడదు. ఒక్కో పేరుకు ఒక్కో రికార్డు ఉంచి, ముందు పేరు ఇది, తర్వాతి పేరు ఇది అని 510వ ఫీల్డులో ముడి వేయాలి. 1990లో అచ్చయిన పుస్తకం అప్పటి పేరు కిందే ఉండాలి. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై 1991లో డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ పేరు పెట్టుకున్న సంస్థదీ ఇదే లెక్క.

ఊళ్ల సంగతి సరేసరి. ఆర్‌డీఏ వచ్చాక రచయిత పుట్టిన చోటు రాయడానికి 370 అనే ఫీల్డు వాడుతున్నారు. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వచ్చింది. ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ఏర్పడ్డాయి. పాత పుస్తకాల్లో ‘మహబూబ్‌నగర్ జిల్లా’ అని ఉన్న రచయిత ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో మన ప్రాంతం పిల్లకు ఇట్టే తెలుస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫీల్డులు ఉన్నాయి కదా అని బతికున్న రచయిత సొంత వివరాలన్నీ నింపడం మంచిది కాదు. స్త్రీ, పురుషుడు అని రాసే 375వ ఫీల్డు ఇక వాడొద్దని, అమెరికా కేంద్రంగా నడిచే సహకార కేటలాగింగ్ బృందం 2022లో సూచించింది. ఏజెన్సీ మాన్యువల్ ఇంకా అది నింపమంటే ఎందుకని అడగొచ్చు.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. మన దగ్గర చాలా కాలేజీ లైబ్రరీల్లో అథారిటీ ఫైల్ పేరుకే ఉంటుంది. లైబ్రరీలు నడపడానికి వాడే కోహా సాఫ్ట్‌వేర్‌లో పుస్తకం రికార్డు చేర్చగానే, సెట్టింగ్ ఉంటే, రచయిత పేరున అథారిటీ రికార్డు దానంతటదే పుడుతుంది. అందులో పేరు తప్ప ఇంకేమీ ఉండదు. స్పెల్లింగ్‌కొకటి చొప్పున కుప్పలు పేరుకుపోతాయి. అందుకే ‘మార్పిడి’ అని పిలిచే ఇలాంటి ప్రాజెక్టుల్లో నిజానికి సగం పని శుభ్రం చేయడం, రెండు మూడు రికార్డులను ఒకటిగా కలపడం. ఇలా కలిపినప్పుడు దానికి ముడిపడిన పుస్తకాలు ఎక్కువుంటే కోహా అప్పటికప్పుడు మార్చదు, వెనకాల నడిచే ప్రోగ్రామ్‌కు వదిలేస్తుంది. ఆ ప్రోగ్రామ్ నడవకపోతే మార్పు అథారిటీలో కనిపిస్తుంది, పుస్తకాల్లో కనిపించదు. ఇలాంటివి చేతితో చేసి చూసినవాళ్లకు రేపు కోహా పెట్టి నడిపించే సంస్థల్లో, యూనివర్సిటీ డిజిటల్ రిపాజిటరీల్లో గిరాకీ ఉంటుంది. ఉత్త కేటలాగింగ్ మాత్రమే తెలిసినవాళ్లకు పోస్టులు తక్కువని కూడా చెప్పాలి. రెండేళ్లు దాటి ఇదే పనిలో ఉండిపోతే నేను వద్దంటాను.

గురుకుల పోస్టుకు ప్రిపరేషన్ ఆపొద్దు. కానీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని పరీక్ష కోసం ఇంట్లో ఖాళీగా కూర్చోబెట్టడం నాకు నచ్చదు. ఆ పరీక్షలో ఈ అనుభవానికి విడిగా మార్కులు వస్తాయని ఆశించకండి. యూజీసీ నెట్ లైబ్రరీ సైన్స్ సిలబస్‌లో మాత్రం మార్క్ 21, ఆర్‌డీఏ రెండూ ఉన్నాయి. పగలు చేసే పనే సాయంత్రం చదువు అవుతుంది. డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ పోస్టులకు నెట్ గానీ సెట్ గానీ ఉండటం మేలు, కాబట్టి నా లెక్కలో ఆమె గురి అటు ఉండాలి.

చేరే లోపు ఇంటి దగ్గరే ఒక పని చేసి చూడమనండి. సురవరం వారు 1934లో తెచ్చిన గోలకొండ కవుల సంచికలో 354 మంది తెలంగాణ కవులున్నారు. అందులో మన రెండు ఉమ్మడి జిల్లాల వాళ్లను కొందరిని ఎంచుకుని, లాప్‌టాప్‌లో కోహా పెట్టుకుని రికార్డులు తయారు చేయమనండి. వయాఫ్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో వెతికితే వివిధ దేశాల జాతీయ లైబ్రరీలు అదే పేరును ఎలా రాసుకున్నాయో కనిపిస్తుంది. పేర్ల గుంపులను సరిపోల్చడానికి ఓపెన్‌రిఫైన్, మార్క్ రికార్డులు ఒకేసారి మార్చడానికి మార్క్‌ఎడిట్ ఉచితంగా దొరుకుతాయి. ఈ పని విసుగనిపిస్తే ఏజెన్సీలో ఏడాది గడపడం కష్టమే. ఆసక్తిగా అనిపిస్తే మీరు అడ్డు చెప్పకండి.

ఇక ఏజెన్సీని ఆమే ఫోన్ చేసి అడగాలి, మీరు కాదు. పేర్లు కలపాలా వద్దా అన్న నిర్ణయం ఎవరిది, ఆమెకు ఆ అవకాశం ఉంటుందా? ఆర్‌డీఏ నియమాలుండే వెబ్‌సైట్ (ఆర్‌డీఏ టూల్‌కిట్) డబ్బు కట్టి చూడాల్సినది కాబట్టి దాని లాగిన్ ఇస్తారా? 2020 డిసెంబర్‌లో అధికారికమైన ఆర్‌డీఏ కొత్త రూపాన్ని వాడుతున్నారా, పాతదాన్నా? ఈ చివరి ప్రశ్నకు అవతలివాళ్లు తడబడితే ఆ ప్రాజెక్టు నడిపేది కేటలాగింగ్ తెలిసినవాళ్లు కాదని అనుకోవచ్చు.

జీతం నెలకా, రికార్డుకింతనా అన్నది చాలా ముఖ్యం. రికార్డుకింత అంటే కష్టమైన పేరు వచ్చినప్పుడల్లా ఆమె నష్టపోతుంది, టెన్షన్‌లో ఏదో ఒకటి నింపేసి ముందుకు పోతుంది. నెల జీతం అయితేనే చేరమనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయొద్దు, జిరాక్సులు చాలు. డిపాజిట్ అడిగితే అక్కడితో మాట ఆపేయండి. కాంట్రాక్టు పూర్తయ్యాక ఇచ్చే అనుభవ పత్రంలో ‘డేటా ఎంట్రీ ఆపరేటర్’ అని కాకుండా ‘కేటలాగర్’ అని, చేసిన పని వివరంతో రాసిస్తామని ఇప్పుడే మెయిల్‌లో తీసుకోవాలి.