బరువు తగ్గే ఆపరేషన్ అయ్యాక ఏ కాల్షియం కొనాలి?

స్లీవ్ (పొట్టలో ఎక్కువ భాగం కోసి తీసేసే ఆపరేషన్) అయ్యాక జగదాంబ జంక్షన్‌లోని మందుల షాపులో కాల్షియం అడిగితే కార్బొనేట్ ఇచ్చారు, వాడొచ్చా అని ఒకరు అడిగారు. సిట్రేట్ అడిగి తీసుకోండి. కార్బొనేట్ కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, పొట్ట చిన్నదయ్యాక అది తగ్గిపోతుంది. పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటుంటే మరీ తగ్గుతుంది. సిట్రేట్‌కి ఆ ఇబ్బంది లేదు, తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు.

కొనేముందు స్ట్రిప్ తిప్పి చదవండి, చాలామంది పొరబడేది ఇక్కడే. కాల్షియం సిట్రేట్ 1000 మి.గ్రా. అని ఉన్నా అందులో అసలు కాల్షియం 210 దాకానే. లెక్కలోకి తీసుకోవాల్సింది ఆ ‘ఎలిమెంటల్’ అంకెనే. స్లీవ్, గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టని చిన్నది చేసి పేగుకి కలిపే ఆపరేషన్) వాళ్లకి తిండితో కలిపి రోజుకి 1200–1500 మి.గ్రా. కావాలి. ఒకేసారి 500–600 దాటితే సరిగా ఒంటబట్టదు, పూటపూటకీ విడగొట్టండి. ఐరన్ మాత్రకి రెండు గంటలైనా ఎడం ఉండాలి.

రక్తంలో కాల్షియం నార్మల్ అని రిపోర్టు వస్తే నిశ్చింతగా ఉండకండి. తక్కువైనప్పుడు శరీరం ఎముకల్లోంచి లాగి ఆ అంకెను నిలబెడుతుంది. విటమిన్ డి, పీటీహెచ్ (ఎముకల్లోంచి కాల్షియం లాగించే హార్మోన్) పరీక్షలు కూడా చేయించమని మీ సర్జన్‌ని అడగండి. కిడ్నీలో రాళ్లుంటే డోసు ఆయనే చెప్పాలి.