చెవి ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు ఆ వాసన సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 36. చీమకుర్తిలో గ్రానైట్ కటింగ్ మెషిన్ మీద పని చేస్తాను. చిన్నప్పటి నుంచి తలస్నానం చేస్తే ఎడమ చెవిలో చీము కారుతుంది. కర్ణభేరికి రంధ్రం ఉందని, ఆపరేషన్ చేయాలని రెండేళ్ల కిందట డాక్టర్ చెప్పారు. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తే తగ్గుతోందని ఊరుకున్నాను. ఈమధ్య చీము దుర్వాసన వస్తోంది, అప్పుడప్పుడు కళ్లు తిరుగుతున్నాయి. ఆపరేషన్ ఎంత శాతం సక్సెస్ అవుతుంది? మా బావకు చేయిస్తే ఫెయిలయింది. చెన్నై వెళ్లమంటారా?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు శాతం అడిగారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో దుర్వాసన, కళ్లు తిరగడం, ఈ రెండే కనిపిస్తున్నాయి. కర్ణభేరి మధ్యలో ఉండే మామూలు రంధ్రం నుంచి వచ్చే చీము సాధారణంగా ఇంత వాసన రాదు. పై భాగంలోనో అంచునో చిల్లు పడి, చర్మం లోపలికి పెరిగి సంచిలా తయారైతే దాన్ని కొలెస్టియాటోమా అంటాం. అది పక్కనున్న ఎముకను మెల్లగా తినేస్తుంది. లోపలి చెవి దాకా వెళితే కళ్లు తిరుగుతాయి. మీకు అదే ఉందని చూడకుండా చెప్పలేను. బూజు చేరినా వాసన రావచ్చు. కానీ ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టర్‌తో మైక్రోస్కోప్ కింద చెవి చూపించుకోవాలి. అవసరమనుకుంటే వాళ్లే స్కాన్ రాస్తారు. దీనికి చెన్నై దాకా ఎందుకు? ముందు ఒంగోలులో చూపించుకోండి.

చుక్కల మందు దగ్గర మాత్రం మీ మీద కొంచెం కోపం వచ్చింది. గత వారం ఒకాయన కవర్లోంచి మూడు సీసాలు తీసి నా టేబుల్ మీద పెట్టారు. ఒకదాని లేబుల్ చెరిగిపోయింది, ఇంకొకటి కంట్లో వేసుకునే మందు. ఆయన చెవిలో తడిసిన పేపర్ ముక్కల్లా బూజు పేరుకుని ఉంది. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటివి కలిసిన చుక్కలు రంధ్రం గుండా లోపలికి దిగితే లోపలి చెవిలోని వినికిడి కణాలనే దెబ్బతీయవచ్చు. ఆ నష్టాన్ని ఏ ఆపరేషనూ సరిచేయలేదు. తెల్లగడ్డ వేసి కాచిన నూనె, ఆకు పసరు, బడ్స్ కూడా వద్దు. రెండేళ్లుగా తగ్గింది చీము మాత్రమే, జబ్బు కాదు.

ఇక మీరు అడిగిన దానికి వస్తాను. మధ్యలో చిన్న రంధ్రం ఉండి, చెవి కొన్ని వారాలుగా పొడిగా ఉంటే, అనుభవమున్న సర్జన్ చేతిలో సుమారు 80 నుంచి 90 శాతం మందిలో అతుకు నిలుస్తుంది. చెవి పైనున్న కండరం మీది పొరనో, చెవి ముందున్న మృదులాస్థినో తీసి అతికిస్తారు. చెవి కారుతుండగా చేయించినా, పొగ తాగుతున్నా, తర్వాత జలుబు చేసి ముక్కు గట్టిగా చీదినా ఆ అవకాశం తగ్గుతుంది. మీ బావగారి విషయంలో ఏం జరిగిందో నాకు తెలియదు. అతుకు ఊడినా చాలామందికి మళ్లీ చేయవచ్చు. కొలెస్టియాటోమా అయితే మాత్రం లెక్క వేరు. అప్పుడు ముందు జబ్బును పూర్తిగా తీసేయడం, వినికిడి ఆ తర్వాత.

రంధ్రం మూసుకోవడం వేరు, బాగా వినిపించడం వేరు. మెషిన్ మోతకు లోపలి చెవి దెబ్బతిని ఉంటే ఆ వినికిడి ఆపరేషన్‌తో తిరిగి రాదు. అందుకే ముందే రెండు చెవులకూ ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించుకోండి. చెవి కారుతున్నంతకాలం లోపల దూర్చే ప్లగ్స్ వాడకండి, పైనుంచి కప్పే ఇయర్ మఫ్స్ పెట్టుకోండి. తలస్నానానికి వాజ్‌లైన్ రాసిన దూది చెవికి అడ్డం పెట్టుకుని, స్నానం అవగానే తీసేయండి.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతో పాటు ఇన్నాళ్లూ వేసుకున్న చుక్కల సీసాలన్నీ, ఖాళీవైనా సరే, పట్టుకెళ్లండి. ఈలోగా మూతి పక్కకు లాగినా, చెవి వెనక వాచినా, జ్వరంతో తీవ్రమైన తలనొప్పి వచ్చినా, నిలబడలేనంతగా కళ్లు తిరిగినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లిపోండి.