ఈస్ట్‌కి 6 సీడీకేలు చాలితే మనిషికి 20 ఎందుకు?

ఏకకణ శిలీంధ్రమైన ఈస్ట్‌లో సీడీకే కైనేజ్‌లు (సైక్లిన్ అనే ప్రోటీన్ మీద ఆధారపడే ఎంజైమ్‌లు) 6 ఉంటే మనిషిలో సుమారు 20 ఉన్నాయి, అన్నీ కణవిభజనకేనా అని అడిగారు. కాదు. విభజనను నేరుగా నడిపేవి ముఖ్యంగా నాలుగే: సీడీకే 1, 2, 4, 6.

కైనేజ్ పని కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు నుంచి ఒక ఫాస్ఫేట్‌ను తీసి వేరే ప్రోటీన్‌కు తగిలించడం. సీడీకే ఒంటరిగా దాదాపు ఏమీ చేయలేదు, సైక్లిన్ వచ్చి అతుక్కోవాలి. కణం ఆ సైక్లిన్‌లను వేళ ప్రకారం తయారుచేసి, వేళ ప్రకారం నాశనం చేస్తుంది. విభజనకు గడియారం అదే.

పరిణామం మాటకొస్తే నన్ను ఇప్పటికీ అబ్బురపరిచేది 1987లో మెలనీ లీ, పాల్ నర్స్ ప్రచురించిన ప్రయోగం. సీడీసీ2 అనే సీడీకే జన్యువు చెడి విభజన ఆగిపోయే ఈస్ట్‌లోకి మనిషి జన్యువులను పంపితే, వాటిలో ఒకటి ఆ లోటు తీర్చింది! అదే మన సీడీకే1. మన వంశం, ఈస్ట్ వంశం దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందటే విడిపోయాయి, అయినా ఆ భాగం ఇంకా అక్కడ సరిపోతోంది.

తర్వాత జన్యువులు రెట్టింపై, ఒక్కో ప్రతి ఒక్కో పనికి అలవాటుపడింది. అయినా ఎలుక పిండంలో 2, 4, 6 తీసేసినా, సీడీకే1 గర్భం మధ్యదశ దాకా విభజనను లాక్కొచ్చింది. అంటే మిగతావి కొన్ని ప్రత్యేక కణాలకే తప్పనిసరి.

సీడీకే 7, 8, 9 ఆర్‌ఎన్‌ఏ తయారీని నియంత్రిస్తాయి, ఈ శాఖ ఈస్ట్‌లోనూ ఉంది. సీడీకే5 విషయంలో పేరు చూసి పొరబడొద్దు: అది ముఖ్యంగా నాడీకణాల్లో పనిచేస్తుంది, దాన్ని మేల్కొలిపేది సైక్లిన్ కాదు, పీ35 అనే ప్రోటీన్.