పడావు చెలకలో మన గడ్డి మళ్లీ రావాలంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు గడ్డి గురించే ఉన్నాయి. సూపర్ నేపియర్ లాంటి కొని నాటే మేత గడ్డి కాదు, ఒకప్పుడు మన బీళ్లలో, కంచెల్లో ఎవరూ విత్తకుండానే పెరిగిన గడ్డి. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే.

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర. మూడెకరాల ఎర్ర చెలక. బోరు ఎండిపోయాక పత్తి మానేశాం, నాలుగేళ్లుగా పడావు పడింది. సగం సర్కారు తుమ్మ, సగం వయ్యారిభామ. తాత ఉన్నప్పుడు అక్కడ మోకాలెత్తు గడ్డి ఉండేదట. మళ్లీ పెంచాలని ఉంది కానీ ట్రాక్టరుకు, విత్తనాలకు వేలకు వేలు పెట్టలేను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అన్నా, ఈ ఏడాది విత్తనం కొనకండి, దున్నించకండి. ఒక వానాకాలం మొత్తం పశువులు రాకుండా కాపాడి, ఏం వస్తుందో చూడండి. మీ చెలక పత్తికి ఏళ్ల తరబడి దున్నింది కాబట్టి చేను మధ్యలో పాత గడ్డి వేళ్లు మిగిలి ఉండటం కష్టమే. కానీ గట్లు ఉన్నాయి కదా. గట్ల మీద, రాళ్ల కుప్పల చుట్టూ, రేగు కంపల మొదట్లో, అంటే నాగలి పోని చోట, పశువు మూతి అందని చోట మీ తాత చూసిన గడ్డి ఇంకా నాలుగు దుబ్బులైనా బతికే ఉంటుంది. ఎండాకాలంలో చూస్తే చచ్చిపోయినట్టే కనిపిస్తుంది, రెండు మంచి వానలు పడ్డాక దుబ్బు నడిమి నుంచి పచ్చటి మొన బయటికొస్తుంది. ఆ దుబ్బులే మీ విత్తనం, మీ నారు కూడా.

గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. చెలకల్లో, దుబ్బ నేలల్లో ఎక్కువగా కనిపించేది అంజన్ గడ్డి. నక్క తోకలా నూగుగా ఉండే కంకి, చేత్తో కింది నుంచి పైకి దూస్తే గింజలు నూగుతో సహా అరచేతిలోకి వచ్చేస్తాయి. నీళ్లు కాస్త నిలిచే పల్లంలో, నల్లమట్టి ఉన్న చోట మార్వెల్ గడ్డి బాగా వస్తుంది, దాని కంకి చేతివేళ్లలా చీలి ఉంటుంది. మొరం గుట్టల మీద సేహిమా అనే గడ్డి. మూడూ ఒకే చేనులో ఉండొచ్చు, ఏది ఎక్కడ ఉందో చూసి ఆ నేలలో దాన్నే పెంచండి.

మూడెకరాలూ ఒకేసారి శుభ్రం చేయాలన్న ఆశ వద్దు. నేల ఒక్కసారిగా ఖాళీ అయితే ముందుగా దిగేది వయ్యారిభామే. పది గుంటలతో మొదలుపెట్టండి. తుమ్మను మొదలు దగ్గర నరికితే సరిపోదు, మళ్లీ పది కొమ్మలు వేస్తుంది, వానకు నేల మెత్తబడ్డాక గడ్డపారతో వేరు మొదలు తవ్వి తీయాల్సిందే. కొట్టిన కంపను కాల్చేయకండి, ఆ పది గుంటల చుట్టూ వేస్తే అదే మీ కంచె, పైసా ఖర్చు లేదు. కాకపోతే కాయలున్న కొమ్మ వేయకండి. వయ్యారిభామను పూత రాకముందే వేళ్లతో సహా పీకాలి, చేతికి తొడుగో గుడ్డో తప్పనిసరి, చాలామందికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి.

ఇక నాటడం. మృగశిర దాటి నేల బాగా తడిసి మొగులు పట్టిన రోజున గట్టు మీది పాత దుబ్బును తవ్వి, ఆకును జానెడు ఉంచి కోసి, రెండు మూడు పిలకలు వేరుతో సహా ఉండేలా విడదీయండి. అర మీటరుకు ఒకటి చొప్పున నాటితే ఎకరాకు పదహారు వేలు పడతాయి, పది గుంటలకు నాలుగు వేలు. ఒక్కో ముదురు దుబ్బు నుంచి పదిహేను, ఇరవై వచ్చినా రెండు వందల పైచిలుకు దుబ్బులు కావాలి. మీ గట్టు మీద అన్ని లేకపోతే టెన్షన్ వద్దు, ఉన్నవాటితో రెండు గుంటలు నాటండి, వచ్చే ఏడాదికి అవే నారు ఇస్తాయి. అన్నీ తవ్వేయకండి, సగం గట్టు మీదే ఉంచాలి. యూరియా వేయొద్దు, మొదటి ఏడాది అది గడ్డి కన్నా కలుపుకే ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న: పోయిన దసరాకు ముందు గట్ల మీద అంజన్ గడ్డి గింజ దూసి, అదే వారం చేనులో చల్లాను. ఒక్కటి మొలవలేదు. గింజ తాలుదా? – కల్వకుర్తి

జవాబు: తాలు కొంత ఉండొచ్చు, కానీ అసలు కారణం అది కాదమ్మా. కొత్త అంజన్ గింజ నిద్రలో ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది నెలలు ఆగితేగాని సరిగ్గా మొలవదు. దసరాకు దూసిన గింజను నీడన ఆరబెట్టి బట్ట సంచిలో కట్టి ఉంచితే తొలకరి నాటికి దానంతట అదే సిద్ధమవుతుంది. ప్లాస్టిక్ కవర్లో కట్టకండి, తేమకు బూజు పడుతుంది. కంకులన్నీ ఒకేసారి పండవు కూడా, వారం పది రోజులకోసారి మూడు నాలుగు సార్లు తిరిగి దూయాలి.

రెండో సంగతి లోతు. నేనూ మొదటి ఏడాది ఇదే పొరపాటు చేశాను, జొన్న విత్తినట్టు గొర్రుతో విత్తించాను, ఒక్క సాలు కూడా సరిగ్గా రాలేదు. ఈ గింజ సెంటీమీటరు కన్నా లోతుకు పోతే మొలక పైకి రాలేదు. నేలను పైపైన గీరి, చల్లి, ముళ్ల కొమ్మను ఒకసారి ఈడిస్తే చాలు. నూగు గింజ కాబట్టి గాలికి ఎగిరిపోతుంది, చీమలు కూడా మోసుకుపోతాయి. తడి ఇసుకలో కలిపి చల్లండి, లేదంటే పెండ, బంకమన్ను, ఇసుక సమానంగా కలిపి అందులో గింజ వేసి శనగ గింజంత ఉండలు చేసి నీడన ఆరబెట్టుకోండి. ఎండాకాలంలో ఇంట్లో ఊరికే కూర్చున్న పూట పిల్లలతో కలిసి చేసుకునే పని. నూగుతో ఉన్న గింజ ఎకరాకు రెండు కిలోలు సరిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో కాన్సాస్‌లో ఉంటాడు. అక్కడ ప్రైరీ అని మనిషెత్తు గడ్డి చూశాడట, జనం ఇళ్ల ముందు కూడా వేసుకుంటున్నారట. ఆ విత్తనం పంపితే ఇక్కడ వస్తుందా? – మహబూబ్‌నగర్

జవాబు: తెప్పించకండి. అనుమతి పత్రం, తనిఖీ లేకుండా బయటి విత్తనం దేశంలోకి తేకూడదు, 2003 ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ఉంది. పైగా సర్కారు తుమ్మ, వయ్యారిభామ రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే, వాటితో పడుతున్న బాధ చాలదా! మంచు పడే చలికాలానికి అలవాటుపడ్డ గడ్డి మన మే నెల ఎండకు తట్టుకోవడమూ కష్టమే.

అయితే మీ అబ్బాయి ఉన్న చోటి కథ మనకు పనికొస్తుంది. ఆ పొడుగు గడ్డి ప్రైరీలో ఇప్పుడు మిగిలింది 4 శాతం కన్నా తక్కువ. అందులో ఎక్కువ భాగం కాన్సాస్ ఫ్లింట్ హిల్స్‌లోనే ఉంది, అక్కడి రాళ్ల నేల నాగలికి లొంగలేదు కాబట్టి. పైన దేవరకొండ అన్నకు గట్లు, రాళ్ల కుప్పలు వెతకమన్నది ఇందుకే. అక్కడివాళ్లు కూడా దగ్గరి నేలలో దొరికిన గింజే మేలంటారు, మొదటి ఏడాది గడ్డి పైకి కనిపించకపోయినా వేరు దిగుతోందని ఓపిక పడతారు.

ప్రశ్న: గడ్డి బాగా వచ్చింది. కానీ ఊళ్లో గొర్రెలవాళ్లు మందను తోలేస్తున్నారు. గొడవ పడాలా, ఫెన్సింగ్ వేయాలా? – మక్తల్

జవాబు: రెండూ వద్దు. ఊరి మేత భూములు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి, వాళ్లు మాత్రం మందను ఎక్కడికి తోలుకుపోతారు? కూర్చుని మాట్లాడండి. వానలు మొదలైనప్పటి నుంచి గింజ రాలేదాకా, అంటే కార్తీకం దాకా మూసివేత. ఆ తర్వాత ఎండుగడ్డి మేపుకోవచ్చు, బదులుగా పక్క చేనులో నాలుగు రాత్రులు మంద పెట్టమనండి, ఎరువు మీది. కోసుకునే గడ్డి అయితే నేల నుంచి అర జానెడు వదిలి కోయండి, అంతకు కిందికి పోతే దుబ్బు కోలుకోదు.

ఒక్క జాగ్రత్త. మీ బీడులో బట్టలకు గుచ్చుకునే ముల్లు గడ్డి, పుస్తకాల్లో హెటెరోపోగన్ అనేది, ఎక్కువుంటే గింజ పండే ముందే కోసేయండి. ఆ గింజ ఒకటి తీసి అరచేతిలో పెట్టి రెండు చుక్కల నీళ్లు వేసి చూడండి, దాని పొడుగు తోక గడియారం ముల్లులా మెల్లగా తిరుగుతుంది. నేలలోకి దిగడానికి దానికది కావాలి. అదే గింజ గొర్రె ఉన్నిలో చిక్కుకుంటే చర్మంలోకి కూడా అలాగే దిగుతుంది, నోట్లో పుండ్లు చేస్తుంది. లేతగా ఉన్నప్పుడైతే మంచి మేతే, పూత కనబడగానే కొడవలి పట్టండి.