సింగపూర్‌లో ఏ వేళకి ఎక్కడుండాలి

చి. రవికి, మామయ్య ఆశీస్సులు.

అక్కనీ బావగారినీ సింగపూర్ తీసుకెళ్తున్నావు, సంతోషం. కానీ నువ్వు వేసుకున్న ప్లానులో పొద్దున 10 నుంచి సాయంత్రం 5 దాకా బయటే తిరగడం ఉంది. అది మార్చు.

32 డిగ్రీలే కదా, రెంటచింతల ఎండలు చూసినవాళ్లకి ఇదో లెక్కా అనుకోకు. భూమధ్యరేఖకి ఒక డిగ్రీ పైన, చుట్టూ సముద్రం. పొద్దున గాలిలో తేమ 90 శాతం దాటుతుంది. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. నీడలో నిలబడ్డా ఉక్కపోతే. పైగా అక్కడి గడియారం సూర్యుడికంటే గంట ముందు నడుస్తుంది. తెల్లారేది 7కి, సూర్యుడు నడినెత్తికొచ్చేది 1 గంటకి. అందుకే 11 నుంచి 4 దాకా ఏసీలో ఉండండి. బయట తిరుగుడంతా 7 నుంచి 10లోపు, మళ్లీ సాయంత్రం 6 తర్వాత.

పొద్దున బొటానిక్ గార్డెన్స్‌కి వెళ్లండి. 5కే తెరుస్తారు, టికెట్టు లేదు. లోపలున్న ఆర్కిడ్ తోటకి మాత్రం ఉంది. మర్నాడు సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున్నే దర్శనం చేసుకుని లిటిల్ ఇండియాలోనే టిఫిను కానివ్వండి. మధ్యాహ్నానికి గార్డెన్స్ బై ది బేలోని క్లౌడ్ ఫారెస్ట్ అద్దాల మేడ బాగుంటుంది. లోపల ఎత్తైన జలపాతం, చల్లటి మంచుతుంపర.

సాయంత్రం 6 దాటాక మెర్లయన్ (సింహం తల, చేప ఒళ్లున్న విగ్రహం) దగ్గర మొదలుపెట్టి ఎస్ప్లనేడ్ థియేటర్ మీదుగా, హీలిక్స్ వంతెన దాటి మరీనా బే శాండ్స్ హోటల్ దాకా నడవండి. దాదాపు రెండు కిలోమీటర్లు, అక్క మెల్లగా నడిచినా గంట చాలు. 8కి అక్కడ నీళ్లమీద లైట్ల ప్రదర్శన, 8.45కి వెనకున్న గార్డెన్స్ బై ది బేలో సూపర్‌ట్రీల (చెట్లలా కట్టిన ఎత్తైన నిర్మాణాల) వెలుగులు. రెండూ ఉచితమే. వేళలు ఆ రోజు ఓసారి సరిచూసుకో. (మెర్లయన్ ముందున్నది సముద్రమనుకుంటారు అందరూ. 2008లో మరీనా బ్యారేజ్ అనే ఆనకట్ట కట్టాక అది మంచినీటి జలాశయమైంది.)

నీళ్లు కొనక్కర్లేదు, కొళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. మనిషికో లీటరు సీసా పెట్టుకుని, నడిచేటప్పుడు గంటకి అరలీటరు చొప్పున తాగండి. దాహం వేసేదాకా ఆగొద్దు. ఒట్టి నీళ్లే తాగుతూపోతే ఒంట్లో ఉప్పు తగ్గి తలనొప్పి, పిక్కలు పట్టేయడం మొదలవుతాయి. రోజుకో ఓఆర్ఎస్ పొట్లం సరిగ్గా లీటరు నీళ్లలో కలుపుకోండి, తక్కువ నీళ్లలో కలిపితే చెడు చేస్తుంది. బావగారి బీపీ మాత్రల్లో నీరు తీసేది ఉంటే, ఓఆర్ఎస్ ఇవ్వొచ్చో లేదో బయల్దేరేముందే డాక్టర్ని అడుగు. ఎమ్మార్టీ (అక్కడి మెట్రో) రైళ్లలో, స్టేషన్లలో నీళ్లు తాగినా జరిమానాయే, 500 సింగపూర్ డాలర్ల దాకా వేస్తారు. గేటు దాటకముందే తాగేయండి.

ఎవరైనా తూలుతూ పొంతన లేకుండా మాట్లాడితే అలసట అని సరిపెట్టుకోకు, వడదెబ్బ కావచ్చు. నీడకి చేర్చి, మెడకీ చంకలకీ తడిబట్ట వేసి, విసురుతూ అంబులెన్సు కోసం 995కి ఫోన్ చెయ్యి.

జీన్సు ఇంట్లోనే వదిలెయ్. తడిస్తే ఆరదు, తొడలు ఒరుసుకుని మండుతాయి. వదులైన పలచటి నూలు బట్టలు, రోజుకి రెండు జతలు. బయల్దేరేముందు తొడలకి వాజెలిన్ రాసుకోండి. మాల్స్‌లో ఏసీ వణికిస్తుంది, అక్కకి పలచటి శాలువా ఉండాలి. ఏసీలోంచి బయటికి రాగానే కెమెరా తీయకు, లెన్సు మసకబారిపోతుంది. అరగంట సంచిలోనే ఉంచి, ఆ తర్వాత తీయి.

మధ్యాహ్నం వాన ఉరుములతో వస్తుంది, చాలాసార్లు గంటలోపే ఆగిపోతుంది. గొడుగు ఉంది కదా అని చెట్లకింద నడవొద్దు, పిడుగులు ఎక్కువ. మాల్‌లోకో స్టేషన్‌లోకో వెళ్లి ఆగండి. వాన వెలిశాక నున్నటి పలకలమీద జారతారు, అక్కకి పట్టున్న శాండల్స్ కొను.

ఇక చిల్లర పనులు. చేరడానికి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపు. దానికి డబ్బు కట్టక్కర్లేదు, అడిగే సైటు ఏదైనా ఉంటే అది ప్రభుత్వానిది కాదు. అక్కడి ప్లగ్గుకి మూడు పలక పిన్నులుంటాయి, మన ఛార్జర్ పట్టదు. అడాప్టర్ ఇక్కడే కొనుక్కుని వెళ్లు.

మీ మామయ్య