పొడవు చూసి చేప ఈడు చెప్పవచ్చా?

ప్రశ్న: పోయిన ఆదివారం కాశిమేడు రేవులో మా మామగారు మూడు కిలోల వంజరాన్ని బేరమాడుతుంటే, అమ్మే ఆవిడ దాన్ని పదేళ్ల చేప అంది. పక్కనున్న కిలో చేప మూడేళ్లదట. పొడవునో తూకాన్నో బట్టి చేప వయసు లెక్కకట్టడం నిజంగా సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, మాధవరం, చెన్నై

జవాబు: అంచనా కట్టవచ్చునమ్మా, కాని కిలోకు ఇన్నేళ్లని త్రైరాశికం వేసి మాత్రం కాదు. చాలా చేపలు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి గాని, ఆ పెరుగుదల చిన్నతనంలో జోరుగా సాగి, ఈడు ముదిరేకొద్దీ మందగిస్తుంది. వంజరం మొదటి రెండేళ్లలో చకచకా సాగే జాతి కనుక, మీరు చూసిన మూడు కిలోల చేపకు రెండేళ్లు అటూ ఇటూ ఉండవచ్చునే తప్ప పదేళ్లు ఉండవు. పైగా పొడవు రెట్టింపయితే బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. అందువల్ల ఆ రెండు చేపల తూకంలో మూడు రెట్ల తేడా ఉన్నా, పొడవులో తేడా ఒకటిన్నర రెట్ల లోపే.

చెరువు చేపల విషయంలో ఈ అంచనా మరీ మోసం చేస్తుంది. ఆంధ్రలో బొచ్చె, శీలావతి పెంచే రైతులు పిల్లలను కావాలనే ఇరుకు చెరువులో, అరకొర మేతతో ఏడాదిపాటు ఆపి ఉంచుతారు. అప్పటికవి పావుకిలో కూడా తూగకపోవచ్చు; పెద్ద చెరువులోకి వదిలి కడుపునిండా మేత వేస్తే కొద్ది నెలల్లోనే కిలోకు చేరతాయి. చేతిలో ఉన్న చేప కడుపు మాడిందో నిండిందో కొలబద్ద చెప్పదు కదా.

ఒక్క చేపను చూసి చెప్పలేనిదాన్ని వందల చేపలను కొలిచి చెప్పే పద్ధతిని డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పీటర్సన్ 1890లలో చూపించాడు. రేవుకు వచ్చిన ఒకే జాతి చేపలను కొలిచి, ఏ పొడవులో ఎన్ని ఉన్నాయో గీత గీస్తే, అక్కడక్కడా గుట్టలు లేస్తాయి. ఒక్కో గుట్ట ఒక్కో కాలంలో పుట్టిన పిల్లల గుంపు. నెలనెలా కొలుస్తూ పోతే గుట్ట ముందుకు జరుగుతుంది, ఆ జరుగుడే పెరుగుదల. కవళ్లలాంటి అల్పాయుష్షు చేపలకు ఇది బాగా పనికివస్తుంది. ముదురు చేపల దగ్గరకు వచ్చేసరికి గుట్టలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఏడాదిలో చాలా నెలలు గుడ్లు పెట్టే జాతులతోనూ ఇదే చిక్కు.

అసలు సాక్ష్యం చేప తలలో ఉంటుంది. కచిడి చేప తల కోసినప్పుడు తెల్లని రాళ్లు రెండు కనిపిస్తాయి. అవి చెవి రాళ్లు. చలి దేశాల చేపల్లో వాటిమీద చెట్టు మానులో వలయాల్లా ఏటికొకటి పడుతుంది. మన సముద్రంలో చలికాలానికీ ఎండకాలానికీ నీటి వేడిలో తేడా తక్కువ కాబట్టి ఆ గీతలు అంత తేటగా పడవు, అందుకే ఇక్కడ పొడవు లెక్కల మీద ఎక్కువగా ఆధారపడవలసి వచ్చింది. లేత చేపల రాళ్లలో రోజుకొక సన్నని వలయం కూడా ఉంటుందని 1971లో తేలింది, కాని దాన్ని చూడాలంటే రాయిని పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాలి.

ఇంట్లో సరదాగా చూడాలనుకుంటే శీలావతి పొలుసొకటి కడిగి, భూతద్దంతో వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి; పెరుగుదల మందగించిన రోజుల్లో వలయాలు దగ్గర దగ్గరగా ఇరుక్కుని ఉంటాయి. వంజరానికి పొలుసు కంటికి ఆననంత చిన్నది, దానితో పని జరగదు. దాన్ని కొలవదలిస్తే మూతి కొస నుంచి తోక చీలిక దాకా కొలవండి, తోక కొసల దాకా కాదు. ఆ కొసలు చాలాసార్లు రేవు చేరేలోపే విరిగిపోతాయి.