దూడ పారుతోందని కబురొస్తే

చి. మేనకోడలికి, గుంటూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

గన్నవరంలో పశువైద్యం చదువు ముగించి పోస్టింగ్‌లో చేరావు, సంతోషం. ప్లాస్మిడ్లు, అంటే బ్యాక్టీరియా ఒకదానికొకటి అందించుకునే ఆ చిన్న డీఎన్‌ఏ ఉంగరాలు, పరీక్ష రాయడానికే తప్ప పశువుల పాకలో ఎందుకని ఫోన్లో నవ్వావు. గేదెలు ఈనే రోజులొస్తే నీకే తెలుస్తుంది.

రెండు మూడు రోజుల దూడ నీళ్లలా పారుతోందని కబురొస్తుంది. దూడ పేగులో ఈ.కోలి బ్యాక్టీరియా ఎప్పుడూ ఉండేదే, మామూలుగా హాని చెయ్యదు. కె99 రకం వేరు. దాని ఒంటిమీది నూగు పేగు గోడను పట్టుకుంటుంది, అది వదిలే విషం ఒంట్లోని నీటిని పేగులోకి లాగేస్తుంది. నూగు జన్యువు ప్లాస్మిడ్ మీదే ఉంటుంది, చాలాసార్లు విషం జన్యువూ అక్కడే. దూడను చంపేది ఎక్కువగా నీరు, లవణాలు పోవడమే. కాబట్టి ముందు మెడ దగ్గర చర్మం లాగి చూడు, కళ్లు లోపలికి పోయాయేమో చూడు. చీకగలిగితే ఓఆర్‌ఎస్ పట్టు, పడిపోతే సెలైన్ ఎక్కించు.

రైతు టెన్షన్‌తో "సూది వెయ్యమ్మా" అంటాడు. జ్వరం, పేడలో రక్తం, బాగా నీరసం ఉంటే వెయ్యి, కానీ దానికి ముందే పేడ నమూనా తీసి ల్యాబ్‌కి పంపు. వారం దాటిన దూడల్లో తరచూ వైరస్సే కారణం, దానికి యాంటీబయాటిక్ దండగ. ఒక్కో ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందులకు లొంగని జన్యువులు తాళంచెవుల గుత్తిలా కలిసి ఉంటాయి. నువ్వు వాడింది టెట్రాసైక్లిన్ ఒక్కటే అయినా గుత్తి మొత్తం నిలుస్తుంది, పక్క బ్యాక్టీరియాకూ చేరుతుంది. మనుషులకు చివరి ఆసరాగా దాచుకున్న కొలిస్టిన్‌కు లొంగని జన్యువు చైనా పందుల్లో ఇలా ప్లాస్మిడ్ మీదే దొరికిందని 2015లో బయటపడింది. 2019లో మన కేంద్ర ప్రభుత్వం పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. మేతలో కలిపే పొడి డబ్బాల మీద ఏముందో చదవడం అలవాటు చేసుకో.

దొమ్మ (ఆంత్రాక్స్) టీకాలోనూ ప్లాస్మిడ్ సంగతే. ఆ క్రిమికి రెండుంటాయి: ఒకటి విషానికి, ఒకటి పైతొడుగుకి. టీకాలో వాడే స్టెర్న్ రకానికి తొడుగు ప్లాస్మిడ్ లేదు, అందుకే మామూలుగా జబ్బు తేదు. అయినా అది బతికున్న టీకా, అదే సమయంలో యాంటీబయాటిక్ ఇస్తే పని చెయ్యదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ముర్రుపాలు ఒక ఎత్తు. మాయ పడేదాకా దూడకు పాలు పట్టకూడదని ఇప్పటికీ అంటారు. ఒప్పుకోకు. పుట్టిన గంట రెండు గంటల్లోనే పట్టించు, మొదటి రోజు దాటితే అందులోని రక్షణ పేగు నుంచి రక్తంలోకి వెళ్లదు. మనవాళ్లకు జున్ను మీద మోజెక్కువ. ఏ రైతైనా నీకు జున్నుపాలు పంపితే, దూడ కడుపునిండా తాగిందా అని అడిగాకే గిన్నె అందుకో.

మీ మామయ్య